జపనీస్ మాటకి ఇంగ్లీషు అర్థం రాసుకోకండి

నగోయాలో నా మొదటి చలికాలం. ఆఫీసు కుళాయి కింద చెయ్యి పెట్టి "మిజు సముయి" అని వణికాను. పక్కనున్నాయన నవ్వుతూ, "నీళ్లకి చలేస్తోందా?" అన్నాడు.

తప్పంతా నా నోటుబుక్కుది. అందులో సముయికీ 'కోల్డ్' అనే ఉంది, త్సుమెతైకీ 'కోల్డ్' అనే ఉంది. తెలుగులో రాసుకుని ఉంటే గొడవే లేదు. సముయి అంటే ఒంటికి చలి, త్సుమెతై అంటే ముట్టుకుంటే చల్లన.

అందుకే రెండు మాటలకి ఒకే ఇంగ్లీషు అర్థం కనిపిస్తే దాన్ని కొట్టేసి ముందు తెలుగులో వెతకండి. 'రైస్' చూడండి. చేలో ఉన్నప్పుడు ఇనె, అంటే వరి. పొట్టుతో ఉన్న గింజ మొమి, వడ్లు. పొట్టు తీస్తే కొమె, బియ్యం. ఉడికితే గొహన్, అన్నం. కోనసీమలో పుట్టినవాడికి ఇదీ ఒక పాఠమేనా! పైగా "గొహన్ తబెత?" అంటే అచ్చం మన "అన్నం తిన్నావా?" లాంటిదే, ఆ పూట తిన్నది నూడుల్సయినా సరే. అన్న, తమ్ముడు, అక్క, చెల్లి కూడా అంతే, నాలుగింటికీ నాలుగు మాటలున్నాయి.

తెలుగు అన్నిచోట్లా ఆదుకోదు. 'వేర్' దగ్గర నేను బోర్లా పడ్డాను. చీరయితే కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, కళ్లజోడు పెట్టుకుంటాం. మనం చూసేది ఎలా వేసుకుంటామన్నది. వాళ్లు చూసేది ఒంటిమీద ఎక్కడన్నది. చొక్కా, కోటు, కిమోనో అయితే కిరు. ప్యాంటు, మేజోళ్లు, బూట్లు, అంటే నడుం కిందివన్నీ హకు. టోపీకి కబురు (ఎవరూ పంపే కబురు కాదు లెండి). కళ్లజోడుకి కకెరు. ఇలాంటి క్రియల్ని ఒంటరిగా రాసుకోవద్దు. "కుత్సు ఒ హకు", "బోషి ఒ కబురు" అని బూట్లతో, టోపీతో కలిపే రాసుకోండి. ఆ జంట నోటికి పడితే చాలు, సూత్రం గుర్తులేకపోయినా ఫరవాలేదు.

ఒక్కోసారి తెలుగే ముంచుతుంది. వేడినీళ్లు కదా అని "అత్సుయి మిజు" అడిగితే ఎదుటివాళ్లు ఒక క్షణం ఆగి చూస్తారు. కాచిన నీళ్లకి వేరే మాటుంది, ఒయు. మిజు అంటే వాళ్లకి చన్నీళ్లే. టీకైనా స్నానానికైనా ఒయు అనే అడగండి.