టోర్నీలో నిబంధనల దగ్గర పాయింటు పోకుండా పిల్లలు చెస్ ఎలా ఆడాలి?

మన ఓరుగల్లు బిడ్డ అర్జున్ ఇరిగేసి 2018లో, 14 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. ఆ ఉత్సాహంతో హన్మకొండలోనో కరీంనగర్‌లోనో పిల్లల్ని టోర్నీకి దింపే ముందు ఓపెనింగుల (ఆట మొదట్లో వేసే ఎత్తుల)తోపాటు పెన్ను, గడియారం వాడకం కూడా నేర్పండి. గెలిచే ఆటలు అక్కడా చేజారుతాయి.

1. ముందు టైం కంట్రోల్, అంటే ఆటకు ఎంత సమయం ఇస్తారో చూడండి. 90 నిమిషాలకు ఎత్తుకు 30 సెకన్లు కలిసే ఆటలో చివరిదాకా ప్రతి ఎత్తూ స్కోర్‌షీట్ (ఎత్తులు రాసే కాగితం) మీద రాయాలి. ఎత్తు వేశాకే రాయాలి, ముందే రాసుకోకూడదు. ఇంట్లో గడియారం పెట్టి, రాయిస్తూ ఆడించండి.

2. పావు కదిపిన చేత్తోనే గడియారం నొక్కాలి. క్యాస్లింగ్‌లో (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదిలేది) ముందు రాజునే పట్టుకోవాలి. ముందు ఏనుగును ముట్టుకుంటే ఆ వైపు క్యాస్లింగ్ ఆ ఎత్తుకు పోయినట్టే, ఏనుగునే కదపాలి.

3. బంటు చివరి గడికి చేరితే మంత్రిని పెట్టాకే గడియారం నొక్కాలి. మంత్రి దొరక్కపోతే గడియారం ఆపి ఆర్బిటర్‌ను (ఆట రెఫరీని) అడగాలి. చాలామంది పిల్లలు ఏనుగును తిరగేసి పెట్టి మంత్రి అంటారు. నిబంధన ప్రకారం అది ఏనుగే!

4. ఎదుటివాళ్లు తప్పు ఎత్తు వేసి గడియారం నొక్కితే, వాదించకుండా గడియారం ఆపి చెయ్యెత్తాలి. మొదటిసారికి మనకు 2 నిమిషాలు కలుస్తాయి. రెండోసారికి సాధారణంగా వాళ్లు ఆట ఓడిపోతారు.

5. అన్నిటికన్నా ఎక్కువ సాధన కావాల్సింది డ్రా అడగడానికి. బోర్డు మీద ఒకే స్థితి మూడుసార్లు వస్తే డ్రా అడగొచ్చు. మూడుసార్లు రావాల్సింది ఎత్తులు కాదు, స్థితి. పావులు అవే గడుల్లో, అదే ఆటగాడి వంతులో, అవే క్యాస్లింగ్ హక్కులతో ఉండాలి. వరుసగా రానక్కర్లేదు. మన ఎత్తుతో మూడోసారి వస్తుందనుకుంటే పావును ముట్టుకోవద్దు. ముట్టుకుంటే ఆ ఎత్తుకు డ్రా అడిగే హక్కు పోతుంది. ఆ ఎత్తును స్కోర్‌షీట్‌లో రాసి, గడియారం ఆపి, ఆర్బిటర్‌కు చెప్పాలి. ముందే రాయడం చెల్లేది ఇలాంటి సందర్భంలోనే. లెక్క తప్పితే ఎదుటివాళ్లకు 2 నిమిషాలు కలుస్తాయి, రాసిన ఎత్తే వేయాలి. స్కోర్‌షీట్ గజిబిజిగా ఉంటే నిజంగా వచ్చిన డ్రా కూడా చూపించలేరు. చేతిరాత మీద పట్టుబట్టేది అందుకే.

6. ఫోన్ హాల్లోకి తీసుకెళ్లనివ్వకండి. మోగితే ఆట పోవచ్చు. బయట నుంచి మీరూ సైగలు చేయొద్దు.

ఆట ముగిశాక రెండు స్కోర్‌షీట్ల మీదా ఫలితం చదివి సంతకం చేయాలి. తప్పు ఫలితం కింద సంతకం పెట్టినా, ఆర్బిటర్ మార్చకపోతే అదే ఖాయం.