సంస్థల లెక్కలు చదవడం – 3వ పాఠం: మధ్యలో ఖాళీ ఎక్కడిది?

ముందుగా గత పాఠం చివర వదిలిన ప్రశ్న. భారతదేశపు వార్షిక పరిశ్రమల సర్వే తెరిస్తే పది మందిలోపు పనిచేసే యూనిట్లు అంతగా కనిపించవు. కాబట్టి అక్కడ అతి చిన్న తయారీ యూనిట్లు లేవనవచ్చా అని అడిగాను. అనకూడదు. ఆ సర్వే ప్రధానంగా 1948 ఫ్యాక్టరీల చట్టం కింద నమోదైన కర్మాగారాల జాబితా మీద నడిచింది. ఆ చట్టం ప్రకారం కరెంటు వాడే చోట పది మంది, వాడని చోట ఇరవై మంది కార్మికులుంటేనే అది కర్మాగారం అనిపించుకునేది. అంతకన్నా చిన్నవాటిని జాతీయ నమూనా సర్వే వేరుగా లెక్కించింది. రెండింటినీ కలిపి, నమూనాలోని ప్రతి యూనిట్‌నూ దానికిచ్చిన గుణకంతో (అలాంటి ఎన్ని యూనిట్లకు అది ప్రతినిధో చెప్పే అంకెతో) హెచ్చించాకే తయారీ రంగం మొత్తం కనిపిస్తుంది. వల కన్ను ఎంతో, చిక్కిన చేప అంత. వల కన్ను చూడకుండా చేపల గురించి మాట్లాడకూడదని రెండో పాఠమంతా చెప్పుకున్నది ఇందుకే.

ఇప్పుడు రెండు సర్వేలూ కలిపేశాం, ఏ యూనిట్ జారిపోలేదు అనుకుందాం. అయినా తప్పటడుగు వేసే చోటు ఒకటి మిగిలే ఉంది. అభివృద్ధి చెందుతున్న దేశాల గురించి చాలాకాలంగా వినిపిస్తున్న మాట: అక్కడ అతి చిన్న సంస్థలు కోకొల్లలు, భారీ సంస్థలు కొన్ని, మధ్య తరహావి మాత్రం దాదాపు శూన్యం. ఇద్దరు ముగ్గురితో నడిచే యూనిట్ ఎదగబోతే పన్నులూ నిబంధనలూ అడ్డుపడతాయని, అప్పు పుట్టదని, అందుకే మధ్యలో ఖాళీ ఏర్పడిందని వివరణ. వినడానికి నమ్మేటట్టే ఉంది. చాలా ప్రభుత్వ పథకాలు దీన్ని నమ్ముకునే పుట్టాయి. 2014లో చాంగ్ తాయ్ షే, బెంజమిన్ ఓల్కెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు భారత్, ఇండోనేషియా, మెక్సికోల సమాచారం ముందు పెట్టుకుని అసలు ఆ ఖాళీ ఉందా అని అడిగారు. వారికి దొరికింది తర్వాత చెబుతాను. ముందు కాగితం, పెన్సిలు తీసుకోండి. ఈ పాఠం చేతితో చేస్తేనే వంటబడుతుంది.

ఊహా దేశం ఒకటి, అందులో వెయ్యి సంస్థలు. తొమ్మిది మంది వరకు ఉన్నవి 900, సగటున ముగ్గురు చొప్పున 2,700 మంది కార్మికులు. 10 నుంచి 49 మంది ఉన్నవి 80, సగటున ఇరవై మంది, అంటే 1,600. 50 నుంచి 199 వరకు ఉన్నవి 15, సగటున వంద మంది, అంటే 1,500. రెండు వందలు, ఆపైన ఉన్నవి అయిదే, కానీ వాటిలో 3,000 మంది. మొత్తం 8,800 మంది కార్మికులు.

మొదటి బొమ్మ: సంస్థలను లెక్కపెట్టండి. వరుసగా 90 శాతం, 8 శాతం, ఒకటిన్నర శాతం, అర శాతం. బడిలో గీసిన సోపాన చిత్రం గుర్తుంటే అలాగే గీయండి. మెట్లు దిగుతూ పోతాయి తప్ప ఎక్కడా గుంట లేదు.

రెండో బొమ్మ: ఈసారి సంస్థలను వదిలేసి కార్మికులను లెక్కపెట్టండి. 31, 18, 17, 34 శాతం. ఇదిగో, రెండు మూపురాల ఒంటె ప్రత్యక్షం! అటు చివర చిన్నవి, ఇటు చివర భారీవి, మధ్యలో లోయ. మొదట్లో నేను ఇలాంటి బొమ్మే గీసి, ఏదో కనిపెట్టినంత సంబరంతో ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన బొమ్మ వంక చూడనైనా చూడలేదు. "ఈ యాభై దగ్గర గీత ఎవరు గీశారు?" అని అడిగి ఊరుకున్నారు. నేనే గీశాను. ఎందుకు గీశానో చెప్పలేకపోయాను. అందరూ అక్కడే గీస్తున్నారని గీశాను, అంతే.

మూడో బొమ్మ ఆ ప్రశ్నకు జవాబు. మధ్యనున్న రెండు తరగతులను కలిపి 10 నుంచి 199 వరకు ఒకే తరగతి చేయండి. కార్మికుల వాటా ఇప్పుడు 31, 35, 34. లోయ మాయమైంది. పైగా మధ్యదే అందరికన్నా రవ్వంత ఎత్తు. ఏ సంస్థా మూతపడలేదు, ఒక్క కార్మికుడూ ఉద్యోగం మారలేదు. మారింది మన కత్తి పడిన చోటు మాత్రమే.

నాలుగోది కూడా గీయండి, విసుగనిపించినా సరే. పై అయిదు సంస్థల్లో మూడింటిలో మూడేసి వందల మంది, ఒకదాంట్లో 800, మిగిలినదాంట్లో 1,300 మంది ఉన్నారనుకోండి. ఆ చివరి తరగతిని 200–499, 500–999, వెయ్యీ ఆపైన అని మూడు చేస్తే, 34 శాతం ఉన్న రెండో మూపురం కాస్తా 10, 9, 15గా విడిపోతుంది. చివరి తరగతికి పైహద్దు లేకపోవడమే ఇక్కడి కిటుకు. మొదటి తరగతి వెడల్పు తొమ్మిది, రెండోది నలభై, మూడోది నూట యాభై, నాలుగోది అనంతం. ఎడంపక్క ఇరుకు గదులు, కుడిపక్క గోడ లేని మైదానం. మైదానంలో జనం ఎక్కువ ఉన్నారని ఆశ్చర్యపోవడం ఏమిటి?

షే, ఓల్కెన్ చేసినది సారాంశంలో ఇదే. కార్మికుల వాటాను నాలుగైదు తరగతుల్లో పోసి చూడకుండా, నమోదు కాని అతి చిన్న యూనిట్లనూ కలుపుకుని, సంస్థల పరిమాణాల పంపకం (ఏ పరిమాణంలో ఎన్ని సంస్థలున్నాయన్నది) మొత్తాన్ని పరచి చూశారు. మూడు దేశాల్లోనూ రెండు మూపురాలు కనిపించలేదు. పరిమాణం పెరిగేకొద్దీ సంస్థల సంఖ్య నున్నగా తగ్గుతూ పోయింది. మధ్య తరహా సంస్థలు తక్కువన్న మాట నిజమే. కానీ భారీ సంస్థలూ అంతే కరువు. ఉన్నవాటిలో అత్యధికం పది మందిలోపువే.

ఇంకొక పరీక్ష కూడా చేశారు. నాకు బాగా నచ్చింది అదే, ఎందుకంటే దాన్ని ఎవరైనా చేసుకోవచ్చు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో అప్పటికి ఉన్న నిబంధన ప్రకారం వందా అంతకు మించి కార్మికులున్న కర్మాగారం ప్రభుత్వ అనుమతి లేకుండా వారిని తొలగించకూడదు. ఈ భయంతో సంస్థలు ఎదగడం మానుకుంటుంటే ఏం కనిపించాలి? 99కి ఇవతల గుంపు, 100కు అవతల గొయ్యి. గేటు మూసిన రైలు పట్టాల దగ్గర బళ్లు బారులు తీరినట్టు. మూడు దేశాల్లోనూ ఇలాంటి గీతల దగ్గర వెతికితే చెప్పుకోదగ్గ బారు కనిపించలేదు. నిబంధనల వల్ల ఎవరికీ ఇబ్బంది లేదని దీనర్థం కాదు. ఖాళీకి కారణం ఆ గీతే అనే వాదన నిలబడదని మాత్రమే అర్థం.

ఈ పరీక్ష మీరు చేసేటప్పుడు ఒక జాగ్రత్త. ఎంతమంది పనిచేస్తున్నారని అడిగితే యజమానులు 50, 100 అని గుండు అంకెలు చెబుతారు. కాబట్టి ఆ అంకెల దగ్గర చట్టంతో సంబంధం లేని శిఖరాలు లేస్తాయి. 100 దగ్గర శిఖరం చూడగానే చట్టాన్ని పట్టుకోకుండా, ఏ చట్టమూ పట్టించుకోని 60, 80 దగ్గర కూడా అలాగే ఉందా అని చూడండి.

కథ ఇక్కడితో కంచికి చేరలేదు. అభివృద్ధి చెందుతున్న దేశాల తయారీ సంస్థల మీద 2000 సంవత్సరంలో విస్తారమైన సమీక్ష రాసిన జేమ్స్ టైబౌట్ ఈ నిర్ధారణను ఒప్పుకోలేదు. మధ్యలో ఖాళీ అంటే రెండు మూపురాలే కానక్కర్లేదని ఆయన వాదన. అడ్డంకులు లేని ఆర్థిక వ్యవస్థలో మధ్య తరహా సంస్థలు ఎన్ని ఉండాలో, ఇక్కడ ఎన్ని ఉన్నాయో పోల్చాలంటారు. గమనించండి, ఇద్దరూ ఒకే రకమైన సమాచారం చూస్తున్నారు. ఒకరు బొమ్మలో గుంట ఉందా అంటున్నారు, మరొకరు బొమ్మను ఇంకో బొమ్మ పక్కన పెట్టమంటున్నారు. నా మటుకు నాకు టైబౌట్ ప్రశ్నే సరైనదనిపిస్తుంది. కానీ ఆ పక్కన పెట్టే బొమ్మను ఎక్కడినుంచి తేవాలన్న చిక్కు ఆయన మెడకే చుట్టుకుంటుంది. అమెరికా పంపకాన్ని కొలబద్దగా పెడితే, అమెరికాతో ఉన్న ప్రతి తేడానూ అడ్డంకి ఖాతాలో వేసినట్టవుతుంది. కాబట్టి "ఖాళీ" అనే మాట ఎవరు రాసినా, దేనితో పోల్చితే ఖాళీ అని అంచులో పెన్సిలుతో రాసుకోవడం అలవాటు చేసుకోండి.

మరో ముడి ఉంది. అప్పు పుట్టకే చిన్న సంస్థలు ఎదగడం లేదనే వాదన నిజమైతే, వాటికి అదనంగా ఒక రూపాయి మూలధనం దొరికితే మంచి రాబడి రావాలి. షే, ఓల్కెన్ లెక్కల్లో మాత్రం మూలధనానికీ శ్రమకూ సగటు ఉత్పత్తి పెద్ద సంస్థల్లోనే ఎక్కువ. అయితే వాదన కూలినట్టేనా? తొందరపడకండి. సగటు వేరు, ఉపాంతం వేరు. మొత్తం ఉత్పత్తిని మొత్తం మూలధనంతో భాగిస్తే వచ్చేది సగటు. ఇంకొక్క రూపాయి చేరిస్తే పెరిగేది ఉపాంతం. మనకు కావలసింది రెండోది, సర్వే పుస్తకంలో దొరికేది మొదటిది.

ఉపాంతాన్ని కొలవాలంటే ఎవరో ఒకరు నిజంగా డబ్బు చేతిలో పెట్టి చూడాలి. శ్రీలంకలో సురేశ్ డి మెల్, డేవిడ్ మెకెంజీ, క్రిస్టఫర్ వుడ్రఫ్ అదే చేశారు. అతి చిన్న సంస్థల్లోంచి లాటరీ పద్ధతిలో కొన్నింటిని ఎంచి, పది వేలో ఇరవై వేలో శ్రీలంక రూపాయల విలువైన నగదు, లేదా పరికరాలు, సరుకు ఇచ్చారు. 2008లో అచ్చయిన ఫలితం ప్రకారం ఆ మూలధనం మీద రాబడి నెలకు 4.6 నుంచి 5.3 శాతం. మార్కెట్ వడ్డీ కన్నా ఎంతో ఎక్కువ. సగటు ఒక మాట చెబుతుంటే ఉపాంతం ఇంకో మాట చెబుతోందన్నమాట. అలాగని ఆ చిన్న సంస్థకు కోటి రూపాయలిచ్చినా ఇదే రేటున రాబడి వస్తుందని లెక్కకట్టకండి. ప్రయోగం కొలిచింది ఆ పది, ఇరవై వేల చుట్టుపక్కల మాత్రమే.

అభ్యాసం. ఇంకో దేశం, 475 సంస్థలు. తొమ్మిది మంది వరకు ఉన్నవి 400, వాటిలో 1,600 మంది. 10–49 వరకు 60 సంస్థలు, 1,300 మంది. 50–199 వరకు 12 సంస్థలు, 1,100 మంది. ఆపైన మూడే: 240, 360, 900 మందితో. సంస్థలను కదపకుండా, తరగతుల హద్దులు మాత్రమే మార్చి, కార్మికుల వాటాతో ఒక బొమ్మలో మధ్య లోయ, మరో బొమ్మలో మధ్య కొండ తెప్పించండి. తర్వాత సంస్థల సంఖ్యతో మూడో బొమ్మ గీసి, మొదటి రెండింటిలో దేన్నైనా అది సమర్థిస్తుందేమో చూడండి. శాతాలు వేసేటప్పుడు 5,500తో భాగించాలి, 475తో కాదు. గత విడతలో చాలామంది కాలు జారింది ఇక్కడే.

వచ్చే పాఠంలో సంస్థల వయసు చూద్దాం. అమెరికాలో నలభై ఏళ్ల కర్మాగారంలో సగటున, అయిదేళ్లలోపు దానికన్నా ఏడు రెట్లకు పైగా మంది పనిచేస్తారు. భారత్, మెక్సికోల్లో ఆ తేడా సుమారు రెండు రెట్లే. ఈ లోపు ఒకటి ఆలోచించి ఉంచండి: అన్నేళ్లు నిలదొక్కుకున్నవాటినే లెక్కలోకి తీసుకున్నప్పుడు, మధ్యలో మూతపడినవి ఈ సగటులో ఎక్కడున్నాయి?