మృగశిర రాకముందే: సబ్‌స్టేషన్‌లో అప్రెంటిస్‌గా చేరేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

ఎలక్ట్రికల్ డిప్లొమా, బీటెక్ అయిపోయి ఈ నెలలో అప్రెంటిస్‌గా చేరుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు చేరుతున్న టైమ్ మామూలు టైమ్ కాదు. రోహిణి కార్తె ఎండలకు కాగిపోయిన లైన్ల మీద ఒక్కసారిగా గాలివాన వచ్చి పడుతుంది, ఇక సాయంత్రమైతే చాలు ఏదో ఒక ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు కరెంటు తీసుకెళ్లే లైన్) ట్రిప్ అవుతూనే ఉంటుంది. నేను హనుమకొండ దగ్గర 33 వేల వోల్టులను 11 వేలకు దించే ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో ఏడాది చేశాను. పుస్తకంలో లేనివి, నాకు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించినవి రాస్తున్నాను.

చేరిన మూడో వారం. పరకాల వైపు ఒక ఊళ్లో చెట్టు కొమ్మ పడి 11 కేవీ జంపర్ (పోల్ దగ్గర రెండు వైర్లను కలిపే ముక్క) తెగింది. ఎల్సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపామని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి) తీసుకున్నారు, బ్రేకర్ ఓపెన్ చేశారు, ఏబీ స్విచ్ (పోల్ మీద లైన్‌ను విడదీసేది) కూడా దించారు. "ఏం గాదు తమ్మీ, బందే ఉంది, ఎక్కు" అన్నాడు నా పక్కనున్నాయన. చీకటి పడుతోంది, ఊరంతా చుట్టూ నిలబడి చూస్తోంది, భయమేస్తోందని చెప్పడానికి సిగ్గేసి నిచ్చెన మీద కాలు పెట్టాను. పెద్ద లైన్‌మన్ అన్న వెనక నుంచి నా చొక్కా పట్టి లాగి, "రాడ్ వెయ్యకుండా ఎట్ల ఎక్కుతవ్ రా" అంటూ డిశ్చార్జ్ రాడ్ (లైన్‌లో ఉన్న కరెంటును భూమిలోకి దింపే కర్ర) వైరును ముందు ఎర్త్‌కు బిగించి, తర్వాత రాడ్ లైన్‌కు తగిలించాడు. టప్పుమని నీలం మెరుపు. ఊరి చివర రైస్ మిల్లులో జనరేటర్ వేసుకున్నారు, వాళ్ల చేంజోవర్ స్విచ్ (జనరేటర్ కరెంటు మా లైన్‌లోకి రాకుండా ఆపేది) సరిగ్గా లేదు, ఆ 415 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి ఉల్టా ఎక్కి మా లైన్ మీద 11 వేల వోల్టులై కూర్చున్నాయి. ఆ రాత్రి అన్నం సహించలేదు.

అందుకే ఎల్సీ వచ్చిందన్న మాట ఒక్కదానితో లైన్ చచ్చిందనుకోవద్దు. ఏ ఫీడర్‌కు తీసుకున్నారు, ఎవరి పేరు మీద తీసుకున్నారు, అదే పోల్ మీద రెండో ఫీడర్ ఉందా, కింద నుంచో పైనుంచో ఇంకో లైన్ క్రాస్ అవుతోందా, ఇవన్నీ అడగండి. పని చేసే చోటుకు రెండు వైపులా మూడు ఫేజులూ ఎర్త్ అయినట్టు మీ కళ్లకు కనబడాలి. కనబడకపోతే కిందే ఉండండి. "నేర్చుకోవడానికి వచ్చాను అన్నా, కింద నుంచి చూస్తా" అంటే ఎవరి గౌరవమూ పోదు. 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం కూడా మిమ్మల్ని ట్రైనీ అనే అంటుంది, వర్కర్ అనదు. అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి లేకుండా మీతో ఓవర్‌టైమ్ చేయించకూడదని అందులోనే ఉంది, పని మీద దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలనీ ఉంది. చేరగానే మీ కాంట్రాక్ట్ ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో రిజిస్టర్ అయిందో లేదో చూసుకోండి.

యార్డులో వాన పడుతుంటే గొడుగు తెరవొద్దు. నిచ్చెన నిలువుగా మోయొద్దు, అడ్డంగా ఇద్దరు పట్టుకోవాలి. 33 కేవీ దగ్గర కనీసం 2.8 మీటర్ల దూరం, 11 కేవీ దగ్గర 2.6. యార్డులో పరిచిన కంకర అందానికి కాదు, ఫాల్ట్ వచ్చినప్పుడు పాదాల మధ్య వోల్టేజీ మన ఒంట్లోకి రాకుండా అడ్డుపడేది అదే. అది బురదలో కూరుకుపోయిన చోట నిలబడకండి, ఆపరేటర్‌కు చెప్పి రిజిస్టర్‌లో రాయించండి. కెపాసిటర్ బ్యాంక్ ఆపాక కూడా అందులో చార్జ్ ఉంటుంది, కనీసం పది నిమిషాలు ఆగి, డిశ్చార్జ్ చేశాకే దగ్గరికి వెళ్లాలి. లోడ్ ఉండగా సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, లైన్ కరెంటును కొలవడానికి పెట్టేది) సెకండరీ వైరు ఎప్పుడూ ఊడదీయొద్దు, ప్రాణం మీదికి వచ్చేంత వోల్టేజీ పుడుతుంది.

వానలకు ముందు మీ చేతికి వచ్చే పని బ్రీదర్, ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్లే గాలిలో తేమను పీల్చేది. అద్దంలోంచి చూస్తే సిలికా జెల్ నీలంగా ఉండాలి, గులాబీ రంగుకు తిరిగిందంటే తేమ పీల్చేసినట్టే, మార్చాలి. చిన్న పనిలా ఉంటుంది కానీ ఆయిల్‌లోకి నీటి తేమ దిగితే ట్రాన్స్‌ఫార్మరే పోతుంది.

గ్లవ్స్ వేసుకునే ముందు మణికట్టు వైపు అంచు మూసి బిగుతుగా చుట్టుకుంటూ రండి, వేళ్లు గాలితో ఉబ్బుతాయి, చెంపకు దగ్గర పెట్టుకుంటే సన్నటి గాలి తగులుతుందో లేదో తెలిసిపోతుంది. తగిలితే ఆ జత పక్కన పెట్టండి, ఇంకోటి అడగండి. లేదంటే పని ఆపండి.

తెగిన వైరు నేల మీద కనిపిస్తే జనాన్ని దూరం జరపండి, మీరు ఇప్పటికే దగ్గరికి వచ్చేసి ఉంటే రెండు పాదాలూ ఆనించి చిన్నచిన్నగా జరుగుతూ వెనక్కి రండి, పెద్ద అంగలు వేయొద్దు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో వేల చెట్లు ఒక్క గాలికి నేలకొరిగాయి, అలాంటి రోజు ఏ కొమ్మ కింద ఏ వైరు ఉందో ఎవరికీ తెలియదు. చెట్టు కొట్టే గొడ్డలి మీకు ఇచ్చినా ఎర్త్ చూడకుండా ముట్టుకోవద్దు.

షాక్ కొట్టినవాణ్ని చేత్తో పట్టుకోవద్దు, ముందు సప్లై బంద్. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్లు దిగేలా నొక్కుతూనే ఉండాలి, 108 వచ్చేదాకా. ఇది చేరేలోపే ఎవరి దగ్గరైనా నేర్చుకోండి.

108, కరెంటు ఫిర్యాదుల 1912, సబ్‌స్టేషన్ ఆపరేటర్, ఏఈ సార్ నంబర్లు ఒక కాగితం మీద రాసి ప్లాస్టిక్ కవర్లో చుట్టి జేబులో పెట్టుకోండి. వానలో తడిసిన ఫోన్ తెరవడానికి చాలాసేపు పడుతుంది.