బీటెక్ సీటు తీసుకునే ముందు ఈ లెక్కలు చూసుకోండి

మన నెల్లూరు, ఒంగోలు పిలకాయలకి ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) ర్యాంకు రాగానే ఇంట్లో అందరూ కాలేజీ పేరు గురించే మాట్లాడతారు, నాలుగేళ్లకి మొత్తం ఎంతవుద్దో మాత్రం ఎవరూ రాసుకోరు, ముందు అది పేపర్ మీద రాయండి.

– ట్యూషన్ ఫీజు ఒక్కటే చూడొద్దు. హాస్టల్, మెస్, బస్సు, ఎగ్జామ్ ఫీజు, ల్యాప్‌టాప్, పండక్కి ఇంటికొచ్చే చార్జీలు అన్నీ కలపండి. హాస్టల్ ఫీజు ఏటా పెంచుతున్నారా అని సీనియర్లని అడగండి.

– కాలేజీ వాళ్లే నేరుగా ఇచ్చే మేనేజ్‌మెంట్ కోటా సీటుకి గవర్నమెంటు కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదండీ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ర్యాంకుని బట్టి కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ సీటైనా ఇంటి ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపు ఉండాలి, ఇన్‌కమ్, క్యాస్ట్ సర్టిఫికెట్లకి కౌన్సెలింగ్‌కి ముందే మీ గ్రామ, వార్డు సచివాలయంలో అప్లై చేసేయండి. ఆ డబ్బు లేటయితే కాలేజీ మిమ్మల్నే ముందు కట్టమనొచ్చు, అందుకే ఒక ఏడాది ఫీజు చేతిలో ఉంచుకోండి, వచ్చే పంటలో రొయ్యకో పొగాకుకో రేటొస్తుందిలే అని ఆ ఆశతో సంతకం పెట్టొద్దు దయచేసి.

– ఎడ్యుకేషన్ లోన్‌కి కోర్సయ్యాక ఏడాది దాకా సాధారణంగా కిస్తీ ఉండదు, కానీ వడ్డీ డబ్బిచ్చిన రోజు నుంచే నడుస్తుంది. వీలైతే ఆ వడ్డీ నెలనెలా కట్టేయండి.

– ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోండి, జిరాక్సులే ఇవ్వండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి.