టీమ్ నాలుగు ఊళ్లలో ఉంటే రిక్వైర్‌మెంట్స్ ఒకే చోట ఎలా రాసుకోవాలి?

మన ఆంధ్రా ఒడిశా బోర్డర్ ఊళ్లలో ఏదైనా సిస్టమ్ కట్టాలంటే దానికి కావాల్సిన మనుషులందరూ ఒక్క చోట దొరకరు. గోపాల్‌పూర్‌లో చేపలు దాచే కోల్డ్ స్టోరేజీ ఒకటుంది, దానికి టెంపరేచర్ అలారం పెట్టాలి అనుకోండి. ఓనర్ గోపాల్‌పూర్‌లో, సెన్సార్ బాక్స్ కట్టే కుర్రాడు బరంపురంలో, యాప్ రాసే అమ్మాయి పర్లాకిమిడిలో, సర్వర్ చూసేవాళ్లు వైజాగ్‌లో. ఒకరు ఒడియాలో చెప్తారు, ఇంకొకరు తెలుగులో వింటారు, మూడోవాళ్లు ఇంగ్లీష్‌లో రాసుకుంటారు, సగం మాటలు ఫోన్లో, సగం వాట్సాప్ వాయిస్ మెసేజుల్లో. ఇలగైతే నెల తిరిగేసరికి అసలు ఏటి కావాలన్నారో తేల్చడానికే ఒక మీటింగ్ పెట్టుకోవాలి. కావాల్సినవన్నీ, అంటే రిక్వైర్‌మెంట్లన్నీ, అందరూ బ్రౌజర్లో తెరవగలిగే ఒకే చోట ఉండాలి, అక్కడ లేనిది లేనట్టే అని మొదటి రోజే అందరి చేతా ఒప్పించండి.

మొదట ఒక గూగుల్ షీట్ తెరవండి, చిన్న పనికి అది చాలు, ఫ్రీ కూడా. కాలమ్స్ ఇవి పెట్టండి: ఐడీ, ఏం కావాలి, ఎందుకు కావాలి, ఎవరు అడిగారు, ఎవరి బాధ్యత, ఎలా టెస్ట్ చేస్తాం, స్టేటస్. స్టేటస్‌కి డ్రాప్‌డౌన్ పెట్టేయండి, లేకపోతే ఒకరు ఓకే అని, ఇంకొకరు డన్ అని, మరొకరు అయిపోయింది అని రాస్తారు, తర్వాత ఫిల్టర్ చేస్తే ఏదీ దొరకదు.

ఐడీ విషయంలో జాగ్రత్త. షీట్‌లో ఉండే వరస నంబర్‌ని ఐడీగా వాడొద్దు, ఎవరైనా సార్ట్ చేసిన రోజున అన్నీ మారిపోతాయి. కోల్డ్-007 లాగ మీరే ఒక నంబర్ ఇవ్వండి. ఆ రిక్వైర్‌మెంట్ రద్దయినా అడ్డవరస తీసేయకుండా స్టేటస్‌లో రద్దు అని పెట్టండి, ఆ నంబర్ మళ్లీ ఇంకోదానికి ఇవ్వొద్దు, ఎందుకంటే పాత మెసేజుల్లో, కోడ్ కామెంట్లలో ఆ నంబర్ ఉండిపోయి ఉంటుంది.

తర్వాత రాసే తీరు. "టెంపరేచర్ పెరిగితే వెంటనే అలారం రావాలి" అని రాస్తే ఎంత పెరిగితే, వెంటనే అంటే ఎంతసేపట్లో, ఎవరికి రావాలి, ఏదీ తెలీదు. 2009లో రోల్స్ రాయిస్ ఇంజినీర్లు రిక్వైర్‌మెంట్లు రాయడానికి ఇయర్స్ (EARS) అనే ఒక పద్ధతి బయటపెట్టారు: ఫలానాది జరిగినప్పుడు, ఫలానా సిస్టమ్, ఫలానా పని చెయ్యాలి. ఇది మన తెలుగు వాక్యానికి చక్కగా కుదురుతుంది. "గది టెంపరేచర్ మైనస్ 15 డిగ్రీల సెల్సియస్ కంటే పెరిగి 10 నిమిషాలు అలాగే ఉన్నప్పుడు, బాక్స్ 2 నిమిషాల లోపు ఓనర్‌కీ వాచ్‌మన్‌కీ ఎస్సెమ్మెస్ పంపాలి." ఇది చదివి టెస్ట్ రాసుకోవచ్చు. కొలత పేరు తప్పకుండా రాయండి. 1999లో నాసా వాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంతరిక్ష నౌక పోయింది ఇలాంటి తేడాతోనే, ఒక టీమ్ సాఫ్ట్‌వేర్ పౌండ్ లెక్కలో ఇచ్చిన నంబర్లని ఇంకో టీమ్ న్యూటన్ లెక్క అనుకుంది.

ఎందుకు కావాలి అన్న కాలమ్‌ని చాలామంది ఖాళీగా వదిలేస్తారు, నాకైతే షీట్ మొత్తంలో అదే ముఖ్యం. "నెట్ లేకపోయినా బాక్స్ 7 రోజుల రీడింగులు దాచుకోవాలి" అని ఉందనుకోండి, ఆఫీసులో కూర్చున్న డెవలపర్‌కి ఇది అనవసరం ఖర్చు అనిపించి తీసేద్దాం అంటారు. పక్కనే కారణం ఉండాలి: 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ తుఫాను గజపతి జిల్లాని, శ్రీకాకుళం జిల్లాని కుదిపేసింది, అలాంటప్పుడు కరెంటూ టవర్లూ రోజుల తరబడి ఉండవు. ఇది చదివాక ఎవరూ దాన్ని తీసేయమనరు.

భాష సంగతికొస్తే, తెలుగు, ఒడియా, ఇంగ్లీష్ మూడు కాలమ్స్ పెట్టుకున్నా తప్పు లేదు, కానీ తేడా వస్తే ఏ కాలమ్ మాట చెల్లుతుందో ముందే పైన రాసేయండి. ఓనర్‌కి ఇంగ్లీష్ రాకపోతే ఆయన భాషలో చదివి వినిపించి, ఆయన సరే అన్నాకే స్టేటస్ మార్చండి. డబ్బు పెట్టే మనిషికి అర్థం కాని కాగితం మీద ఆయన ఒప్పుకున్నారని రాయడం అన్యాయం.

చర్చంతా ఆ సెల్ మీద కామెంట్‌లోనే జరగాలి, ఎట్ గుర్తు (@) పెట్టి మనిషి మెయిల్ ఇస్తే వాళ్లకి కబురు వెళ్తుంది, పనిగా అప్పజెప్పొచ్చు కూడా. ఫోన్లో ఏదైనా తేలితే ఫోన్ పెట్టేసిన వెంటనే ఎవరో ఒకరు అక్కడ రెండు ముక్కలు రాయాలి.

అందరూ ఒప్పుకున్న రోజున వెర్షన్ హిస్టరీలోకి వెళ్లి ఆ వెర్షన్‌కి పేరు పెట్టండి, షీట్‌ని ప్రొటెక్ట్ చేసి మార్చే హక్కు ఒక్కరికే ఉంచండి. దీన్నే బేస్‌లైన్ అంటారు. ఆ తర్వాత వచ్చే మార్పులకి వేరే ట్యాబ్: ఏ ఐడీ మారాలి, ఎందుకు, దానివల్ల ఇంకేం కదులుతుంది. అలారం 10 నిమిషాల నుంచి 5కి తగ్గిస్తే టెస్ట్ మారుతుంది, బాక్స్‌లో ప్రోగ్రామ్ మారుతుంది, యాప్‌లో చూపించే మాట మారుతుంది. అందుకే టెస్ట్ కాలమ్‌లో టెస్ట్ నంబర్ రాసుంచాలి, మార్పు వచ్చినప్పుడు ఆ నంబర్లన్నీ మళ్లీ చూడాలి అని గుర్తు పెట్టాలి.

రిక్వైర్‌మెంట్లు వందలు దాటితే షీట్ సరిపోదు. అప్పుడు పనులు ట్రాక్ చేసే రెడ్‌మైన్ అనే టూల్ చూడండి, ఓపెన్ సోర్స్, సొంత సర్వర్ మీద పెట్టుకోవచ్చు. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ వాడే టీమ్ అయితే డోర్‌స్టాప్ అనే టూల్ ఉంది, అందులో ఒక్కో రిక్వైర్‌మెంట్ ఒక్కో ఫైల్‌గా ఉంటుంది. పెద్ద కంపెనీలతో పని పడితే వాళ్లు ఐబీఎం డోర్స్ లాంటి రిక్వైర్‌మెంట్ల టూల్ వాడొచ్చు, అప్పుడు రెండు వైపులా డేటా మార్చుకోవడానికి రెక్ఐఎఫ్ ఫార్మాట్ ఉంది. ఏ టూల్‌కి మారినా పాత ఐడీలు అలాగే తీసుకెళ్లండి, కొత్త టూల్ ఇచ్చే నంబర్‌ని పక్కన ఇంకో ఫీల్డ్‌లో ఉంచుకోండి.