నూనె తేలని గుగ్ని, పెనం మీద వడ

ఒడిశాలోని బరంపురంలో పొద్దున్నే వడ, గుగ్ని (ఎండు బఠాణీల కూర) తినందే చాలామందికి రోజు మొదలవదు. మానేయమని ఎవరికీ చెప్పను. ఇంట్లో చేసుకునేటప్పుడు నూనె తగ్గించండి, చాలు. గ్రాము నూనెకు 9 కేలరీలు, అంటే పెద్ద చెంచాడు నూనెలోనే దాదాపు 120.

మినప్పిండిని గట్టిగా రుబ్బి, చేత్తో బాగా గిలకొట్టి, పొంగనాల పెనంలో గుంటకు రెండు మూడు చుక్కల నూనె వేసి, మూతపెట్టి సన్నని సెగ మీద కాల్చండి. తిరగేశాక మూత తీసేయాలి, అప్పుడే పైన కరకరలాడుతుంది.

అసలు కిటుకు గుగ్నిలో ఉంది. రాత్రి నానబెట్టిన ఎండు బఠాణీలు మెత్తగా ఉడికాక ఒక గరిటెడు తీసి, మెదిపి, మళ్లీ అందులోనే కలపండి. పులుసు దానంతటదే చిక్కబడుతుంది, బంగాళాదుంప అక్కర్లేదు. ఉల్లిపాయ, అల్లం వేయించడానికి చిన్న చెంచాడు నూనె సరిపోతుంది. అడుగంటుతుంటే నీళ్లు చిలకరించండి. దించే ముందు, ఒడియా ఇళ్లలో దాల్మా (కూరగాయలు వేసి వండే పప్పు) మీద చల్లినట్టు, వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి చల్లండి. ఆ ఘుమఘుమకు నూనె తగ్గిందన్న సంగతి ఎవరూ గమనించరు. పొడి మాత్రం ఎప్పటికప్పుడు కొట్టుకోవాలి, నిల్వ ఉంటే వాసన పోతుంది.