ప్రైవేటు స్కూలుకు అనుమతి, గుర్తింపు: దరఖాస్తు విధానం, ఫైలు ఆగిపోయే చోట్లు

తెలంగాణలో గానీ ఆంధ్రప్రదేశ్‌లో గానీ ప్రైవేటు స్కూలు నడపాలంటే రెండు ఉత్తర్వులు చేతిలో ఉండాలి. స్కూలు తెరవడానికి అనుమతి ఒకటి, ఆ తర్వాత గుర్తింపు. 1982 విద్యా చట్టంలో అనుమతి 20వ సెక్షన్ కిందికి, గుర్తింపు 21వ సెక్షన్ కిందికి వస్తాయి. ఆచరణకు సంబంధించిన నియమాలు 1994 జనవరి 1 నాటి జీవో ఎంఎస్ నంబర్ 1లో ఉన్నాయి. వాటికి తోడు 2009 విద్యాహక్కు చట్టం. సీబీఎస్‌ఈకి వెళ్లాలనుకునేవాళ్లకూ రాష్ట్ర ప్రభుత్వ గుర్తింపు లేకుండా దారి లేదు.

అనుమతి వచ్చింది కదా అని అడ్మిషన్లు చేసుకుంటూ గుర్తింపును వచ్చే ఏడాదికి వాయిదా వేసే యాజమాన్యాలు చాలానే ఉన్నాయి. విద్యాహక్కు చట్టం 18వ సెక్షన్ ప్రకారం గుర్తింపు లేకుండా స్కూలు నడిపితే రూ.1 లక్ష దాకా జరిమానా. అప్పటికీ ఆపకపోతే రోజుకు రూ.10,000. జరిమానా కన్నా పెద్ద చిక్కు పదో తరగతిలో వస్తుంది. నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) తమ స్కూలు పేరుతో పంపే వీల్లేక పిల్లల్ని వేరే స్కూలు పేరు మీద పరీక్ష రాయిస్తారు. టీసీ కూడా ఆ స్కూలుదే అవుతుంది. చివరికి నష్టపోయేది పిల్లలే.

సొసైటీ ముందు, స్కూలు తర్వాత

సొంత పేరు మీద స్కూలుకు దరఖాస్తు చేయలేరు. రిజిస్టరైన సొసైటీ గానీ ట్రస్టు గానీ ఉండాలి. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సొసైటీకి కనీసం 7 మంది సభ్యులు కావాలి. ఆశయాల పత్రంలో పాఠశాలలు నెలకొల్పి నడపడం అనే మాట స్పష్టంగా ఉండాలి. ఎప్పుడో సేవా కార్యక్రమాల కోసం పెట్టుకున్న పాత సొసైటీతో దరఖాస్తు చేసినవాళ్లకు ఇక్కడే మొదటి కొర్రీ పడుతుంది.

రెండో కొర్రీ కమిటీ జాబితాది. కార్యవర్గం మారినప్పుడల్లా కొత్త జాబితాను రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. దరఖాస్తు మీద సంతకం చేసిన కార్యదర్శి పేరు ఆ జాబితాలో లేకపోతే ఫైలు ముందుకు కదలదు. పాన్, బ్యాంకు ఖాతా, అద్దె ఒప్పందం అన్నీ సొసైటీ పేరు మీదే తీసుకోండి. కరస్పాండెంట్ సొంత పేరు మీద భవనం అద్దెకు తీసుకుని సొసైటీ పేరు మీద దరఖాస్తు పెడితే, ఆ భవనం మీద సొసైటీకి హక్కేమిటన్న ప్రశ్నకు జవాబుండదు.

భవనం దగ్గరే ఎక్కువ ఫైళ్లు ఆగుతాయి

సొంత భవనమైతే రిజిస్టర్డ్ దస్తావేజు, అద్దెదైతే రిజిస్టర్డ్ లీజు డీడ్ పెట్టాలి. నోటరీ చేయించిన అద్దె కాగితం పనికిరాదు. లీజు కాలం మీరు అడిగే గుర్తింపు కాలానికి తగ్గకూడదు. యజమాని రెండేళ్లకు మించి రాసివ్వనంటే ఆ భవనాన్ని వదిలేయడమే మంచిది. ఏటా లీజు చుట్టూ తిరుగుతూ స్కూలు నడపలేరు.

మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఆమోదించిన ప్లాను, ఇంజనీరు ఇచ్చే నిర్మాణ పటిష్ఠత ధ్రువపత్రం, ఆరోగ్యాధికారి ఇచ్చే శానిటరీ సర్టిఫికెట్, అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) కూడా జతచేయాలి. ఈ నాలుగూ నాలుగు ఆఫీసులు ఇస్తాయి కాబట్టి నాలుగు రకాలుగా ఉండే ప్రమాదం ఉంది. ప్లానులో జి ప్లస్ 2 (గ్రౌండ్ ఫ్లోర్, దాని పైన రెండు అంతస్తులు) ఉంటుంది, ఇంజనీరు పైన వేసిన గదుల్ని కూడా లెక్కేసి జి ప్లస్ 3 అని రాస్తాడు. ఒకదాంట్లో 12 గదులు, మరోదాంట్లో 14. ఇంటి నంబరు ఒక చోట పాతది, ఒక చోట కొత్తది. ఫైలు చూసే సూపరింటెండెంట్ మొదట వెతికేది ఈ తేడాలనే. అన్నీ చేతికొచ్చాక అంతస్తుల సంఖ్య, గదుల సంఖ్య, సర్వే నంబరు, డోర్ నంబరు ఒక తెల్లకాగితం మీద పక్కపక్కన రాసుకుని సరిచూసుకోండి. తప్పు దొరికితే అప్‌లోడ్ చేయకముందే సవరణ తెచ్చుకోండి. తర్వాత తేవాలంటే నెలలు పడుతుంది.

ఫైర్ ఎన్‌వోసీ నిబంధన భవనం ఎత్తును బట్టి మారుతుంది కాబట్టి ఎత్తు కొలిపించి, అగ్నిమాపక అధికారితో ముందే మాట్లాడండి. మెట్ల వెడల్పు చాలకపోతే గోడలు పగలగొట్టాల్సి వస్తుంది, అద్దె భవనంలో అది జరిగే పని కాదు. ఇదంతా వేధింపుగా అనిపించేవాళ్లు 2004 జులైలో తమిళనాడులోని కుంభకోణం పట్టణంలో ఒక స్కూల్లో జరిగింది గుర్తుచేసుకోవాలి. వంటగదిలో పుట్టిన మంటలు పైన తాటాకు కప్పుకు అంటుకుని 90 మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ ప్రమాదం తర్వాత వేసిన కేసులోనే 2009లో సుప్రీంకోర్టు దేశంలోని స్కూళ్లన్నిటికీ అగ్నిమాపక ఏర్పాట్లు, భవన భద్రత తప్పనిసరి చేసింది. టెర్రస్ మీద రేకుల షెడ్డు వేసి అక్కడ క్లాసులు నడుపుతున్న స్కూలుకు అధికారి సంతకం పెట్టడానికి వెనకాడటంలో న్యాయముంది.

విద్యాహక్కు చట్టం షెడ్యూలు అడిగే సదుపాయాలు: ఒక్కో టీచరుకు కనీసం ఒక తరగతి గది, ప్రధానోపాధ్యాయుడి గదిగానూ ఆఫీసు, స్టోరుగానూ వాడుకునే ఒక గది, మగపిల్లలకు ఆడపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, ర్యాంపు, ఆటస్థలం, ప్రహరీ, గ్రంథాలయం. ర్యాంపు కట్టి చివర్లో మూడంగుళాల గట్టు వదిలేస్తే దాన్ని ర్యాంపు అనరు. ఆటస్థలం స్కూలుకు ఆనుకుని లేకపోతే దాని కాగితాలు కూడా పెట్టాలి.

టీచర్ల లెక్క

1 నుంచి 5 తరగతులకు: 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, 61–90కి ముగ్గురు, 91–120కి నలుగురు, 121–200కి ఐదుగురు. పిల్లలు 150 దాటితే ఐదుగురికి తోడు ప్రధానోపాధ్యాయుడు. 6 నుంచి 8 తరగతులకు ప్రతి 35 మందికి ఒకరు, అందులో సైన్సు–గణితం, సాంఘికశాస్త్రం, భాషలకు తలా ఒకరు తప్పనిసరి. ఇవి కనీస సంఖ్యలు. ఐదు తరగతులూ విడివిడిగా నడిపే ప్రైవేటు స్కూలుకు 80 మంది పిల్లలున్నా ఐదుగురు టీచర్లు కావాల్సిందే.

డీఎడ్, బీఎడ్, టెట్ ధ్రువపత్రాలు ఒరిజినల్స్‌తో సహా ఇన్‌స్పెక్షన్ రోజున చూపించాలి. దరఖాస్తు కోసం అరువు తెచ్చిన సర్టిఫికెట్లు ఇప్పుడు సులభంగా దొరికిపోతున్నాయి, ఒకే టీచరు వివరాలు రెండు స్కూళ్ల యూడైస్‌లో (స్కూళ్ల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ) కనిపిస్తాయి కాబట్టి. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు స్కూల్లోనైనా తెలుగు బోధించాలి, కాబట్టి తెలుగు టీచరు పేరు జాబితాలో లేకపోతే అడుగుతారు.

దరఖాస్తు, ఇన్‌స్పెక్షన్

పాఠశాల విద్యాశాఖ ప్రకటించే గడువులోపు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. జూన్‌లో స్కూలు తెరవాలంటే ముందటి ఏడాది దసరా నాటికే కాగితాల పని మొదలుకావాలి. రిజిస్టర్ చేసే మొబైల్ నంబరు, మెయిల్ స్కూలువే ఇవ్వండి. నెట్ సెంటర్ అబ్బాయి నంబరు ఇస్తే కొర్రీ మెమోలు అతనికే పోతాయి, జవాబు గడువు దాటాక మీకు తెలుస్తుంది.

రుసుము చలానా, సొసైటీ పేరున డీఈవోతో (జిల్లా విద్యాధికారి) కలిపి ఉమ్మడిగా వేసే కార్పస్ ఫండ్ (మూలనిధి) ఫిక్స్‌డ్ డిపాజిట్ రెండూ మీరు అడుగుతున్న తరగతుల స్థాయికి సరిపోవాలి. ప్రైమరీకి కట్టి హైస్కూలుకు దరఖాస్తు చేస్తే తిప్పి పంపుతారు. ప్రైమరీ, అప్పర్ ప్రైమరీ ఫైళ్లు డీఈవో దగ్గర తేలుతాయి. హైస్కూలు ఫైలు ఆర్జేడీ (విద్యాశాఖ ప్రాంతీయ సంయుక్త సంచాలకుడు) దాకా వెళ్తుంది.

ఇన్‌స్పెక్షన్‌కు వచ్చే అధికారి టేపుతో గదులు కొలుస్తారు, మరుగుదొడ్లు లెక్కబెడతారు, కుళాయి తిప్పి చూస్తారు. గడువు దాటిన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు తరచూ రాసుకుపోయే లోపం, సిలిండరు మీది తేదీ ముందే చూసుకోండి. ఏదైనా లోపం రాస్తే వాదన పెట్టుకోకుండా దాన్ని సరిచేసి, ఫొటోతో సహా లిఖితంగా జవాబిచ్చి, రసీదు తీసుకోండి.

ఉత్తర్వు వచ్చాక

ముందు యూడైస్ కోడ్ తీసుకోండి. 11 అంకెల ఈ కోడ్ ఆంధ్రప్రదేశ్‌లో 28తో, తెలంగాణలో 36తో మొదలవుతుంది. అది లేకపోతే పిల్లల వివరాలు ఎక్కించలేరు.

గుర్తింపు ఆ సొసైటీకి, ఆ చిరునామాకు, ఆ తరగతులకు, ఆ మాధ్యమానికి మాత్రమే. పక్క వీధికి మారినా, ఇంకో తరగతి పెట్టినా, పేరు మార్చినా, యాజమాన్యం చేతులు మారినా వేరే దరఖాస్తు పెట్టాలి. ఉత్తర్వులో ఒక పేరు, గేటు మీద టెక్నో, ఒలింపియాడ్ లాంటి తోకలతో ఇంకో పేరు ఉంటే నోటీసు రావడం ఖాయం.

జీవో 1 ప్రకారం ఫీజుల రాబడిలో 50 శాతం సిబ్బంది జీతాలకు, 15 శాతం గ్రాట్యుటీ, పీఎఫ్, బీమాల్లో యాజమాన్యం వాటాకు, 15 శాతం నిర్వహణకు, 15 శాతం అభివృద్ధికి పోగా యాజమాన్యానికి మిగిలేది 5 శాతం. జీతాలు నగదుగా ఇస్తే ఈ లెక్క ఎప్పటికీ నిరూపించలేరు, బ్యాంకు ద్వారానే ఇవ్వండి. విద్యాహక్కు చట్టం ప్రకారం క్యాపిటేషన్ ఫీజు (ప్రకటించిన ఫీజు కాక తీసుకునే డొనేషన్) తీసుకుంటే దానికి 10 రెట్ల దాకా జరిమానా. అడ్మిషన్‌కు పిల్లలకో తల్లిదండ్రులకో పరీక్ష పెడితే మొదటిసారి రూ.25,000 దాకా, ఆ తర్వాత ప్రతిసారీ రూ.50,000 దాకా. బస్సుల ఫిట్‌నెస్ ఏటా మే 15తో ముగుస్తుంది, బడి తెరిచేలోపు మళ్లీ చేయించాలి.

రెన్యువల్‌కు గుర్తింపు ముగిసే తేదీని కాదు, లీజు, ఫిక్స్‌డ్ డిపాజిట్, ఫైర్ ఎన్‌వోసీ, పటిష్ఠత ధ్రువపత్రం వీటిలో ఏది ముందు ముగుస్తుందో ఆ తేదీని క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి. కనీసం 6 నెలల ముందు పని మొదలుపెడితే, ఒక ఆఫీసులో ఆలస్యమైనా మిగతావి గడువులో అందుతాయి.